ఆదిలాబాద్ చలి, రామగుండం ఎండ, మధ్యలో మ్యాక్ నంబర్: సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ అసలు ఎలా పనిచేస్తుంది?

ముందు ఒక గాడ్జెట్ స్పెక్స్ చెప్తా, ఏంటో గెస్ చేయండి. గాలి బయటికొచ్చే మూతి వ్యాసం 1 మీటర్. స్పీడ్ మ్యాక్ 5 నుంచి మ్యాక్ 12 దాకా. ఒక పక్క హై ప్రెషర్, ఇంకో పక్క వాక్యూమ్. లాంచ్ డేట్ 2020 డిసెంబర్ 19. ఉండేది హైదరాబాద్‌లో. ధర ఎంతైనా సరే, మీకూ నాకూ అమ్మరు.

అది డీఆర్‌డీఓ వాళ్ల హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్. డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం మిసైల్ కాంప్లెక్స్‌లో ఉంది, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించారు. ఈ సైజు, ఈ సామర్థ్యం ఉన్న టన్నెల్ అప్పటికి అమెరికా, రష్యాల దగ్గరే ఉండేదని, మనది మూడో దేశమని ప్రభుత్వం అప్పుడు ప్రకటించింది. కరీంనగర్ నుంచి బస్సెక్కితే మూడు, నాలుగు గంటల దూరం. అయినా మన దిక్కు ఇంజినీరింగ్ చదివే వాళ్లలో కూడా దీని గురించి విన్నవాళ్లు తక్కువే.

ఇక్కడ మనం ఫోన్ల మీద స్ట్రెస్ టెస్టులు చేస్తుంటాం. అరగంట గేమ్ ఆడి వేడి చూస్తాం, నీళ్లలో ముంచుతాం, కింద పడేసి గ్లాస్ పగులుతుందా అని చూస్తాం. విమానానికి, రాకెట్‌కి, మిసైల్‌కి అలాంటి స్ట్రెస్ టెస్టే విండ్ టన్నెల్. తేడా ఏంటంటే, ఫోన్ ఫెయిలైతే సర్వీస్ సెంటర్‌కి పోతాం. రాకెట్ మీద మనుషులు కూర్చుంటే ఆ చాన్స్ లేదు. అందుకే ఈసారి రివ్యూ పక్కన పెట్టి, ఆ టెస్ట్ చేసే యంత్రం కథ చెప్తా.

మ్యాక్ అంటే ఫిక్స్‌డ్ స్పీడ్ అనుకుంటున్నారా?

గోదావరిఖని, రామగుండం దిక్కు ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర బ్లాస్టింగ్ చూసినవాళ్లకి ఇది బాగా తెలుసు. ముందు దుమ్ము లేస్తుంది, ఆ తర్వాత కాసేపటికి చప్పుడు వస్తుంది. మీరు కిలోమీటరు దూరంలో ఉంటే దాదాపు మూడు సెకన్ల గ్యాప్. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి ఈ ఆలస్యం. అదే స్పీడ్‌లో వెళ్తే మ్యాక్ 1. రెండింతలైతే మ్యాక్ 2. మ్యాక్ 1 దాటితే సూపర్‌సోనిక్, మ్యాక్ 5 దాటితే హైపర్‌సోనిక్ అంటారు.

చాలామంది మిస్సయ్యే పాయింట్ ఒకటుంది. శబ్దం స్పీడ్ గాలి వేడి మీద ఆధారపడుతుంది. వేడి గాలిలో ఎక్కువ, చల్లటి గాలిలో తక్కువ. దీనికి మనకంటే మంచి ఉదాహరణ ఎవరికి దొరుకుతుంది? తెలంగాణలో చలి అంటే ఆదిలాబాద్, ఎండ అంటే రామగుండం. డిసెంబర్ చివర్లో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున 5 డిగ్రీలున్నప్పుడు మ్యాక్ 1 అంటే గంటకి సుమారు 1,200 కిలోమీటర్లు. మే నెల మధ్యాహ్నం రామగుండంలో 45 డిగ్రీలున్నప్పుడు అదే మ్యాక్ 1 గంటకి దాదాపు 1,290 కిలోమీటర్లు. అంటే ఒకే స్పీడ్‌లో పోయే విమానం ఆదిలాబాద్ చలిలో సూపర్‌సోనిక్ అయ్యి, రామగుండం ఎండలో కాకపోవచ్చు. అందుకే ఇంజినీర్లు కిలోమీటర్ల కంటే మ్యాక్ నంబర్‌నే ఎక్కువ నమ్ముతారు. గాలి ఎలా ప్రవర్తిస్తుందో చెప్పేది ఆ నంబరే.

మరి మ్యాక్ 1 దగ్గర ఏం మారుతుంది? మామూలు స్పీడ్‌లో విమానం వస్తుంటే దాని ముందున్న గాలికి కబురు అందుతుంది. చిన్న చిన్న ప్రెషర్ తరంగాలు ముందుకెళ్లి "పక్కకి జరగండి" అన్నట్టు దారి ఇప్పిస్తాయి. ఆ కబురు పోయేది శబ్దం స్పీడ్‌లోనే. విమానం అంతకంటే వేగంగా వస్తే కబురు అందేలోపే విమానం వచ్చేస్తుంది. గాలికి జరగడానికి టైమ్ ఉండదు. ఒక్కసారిగా నొక్కుకుపోయి పల్చటి గోడలా తయారవుతుంది. అదే షాక్ వేవ్. ఆ గోడ దాటగానే గాలి ప్రెషర్, వేడి, సాంద్రత మూడూ ఒక్కసారిగా పెరుగుతాయి.

మీ వంటింట్లోనే షాక్ వేవ్ లాంటిది చూడొచ్చు. సింకులో ప్లేటు బోర్లించి పైన నల్లా తిప్పండి. నీళ్లు పడిన చోట చుట్టూ నున్నగా, పల్చగా పరుచుకుంటాయి, కొంచెం దూరంలో ఒక రింగు దగ్గర ఒక్కసారిగా లేచి మందంగా అవుతాయి. రింగు లోపల నీళ్లు అల కంటే వేగంగా పోతున్నాయి, రింగు బయట అల కంటే నెమ్మదిగా పోతున్నాయి. ఎల్లంపల్లి బ్యారేజీ గేట్లెత్తినప్పుడు కింద నీళ్లు దూకి, కొంచెం ముందుకెళ్లి నురగలు కక్కుతూ పైకి లేస్తాయి కదా, అదీ ఇదే. ఇంజినీర్లు దాన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. నీళ్లలో జంప్ ఎలాగో గాలిలో షాక్ అలాగ.

స్పీడ్ పెంచాలంటే పైపుని వెడల్పు చేయాలి!

చెట్లకి నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరం చిమ్ముతాయి. దారి ఇరుకైతే స్పీడ్ పెరుగుతుంది. గాలి విషయంలో కూడా ఇదే నిజం, కానీ మ్యాక్ 1 వరకే. పైపుని ఎంత సన్నం చేసినా, ఎంత ప్రెషర్ పెట్టినా, ఇరుకు దగ్గర గాలి మ్యాక్ 1 దాటదు.

దాటాలంటే ఆ ఇరుకు తర్వాత పైపుని మళ్లీ వెడల్పు చేయాలి. వినడానికి ఉల్టాగా ఉంది కదా? మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. లాజిక్ ఇది: శబ్దం వేగం దాటిన గాలి వెడల్పు దారిలోకి రాగానే విపరీతంగా పల్చబడుతుంది. దారి పెరిగిన దానికంటే ఎక్కువగా పల్చబడుతుంది. అంత పల్చటి గాలి సెకనుకి అదే బరువు దాటించాలంటే స్పీడ్ పెరగక తప్పదు.

మధ్యలో నడుము సన్నగా, రెండు వైపులా వెడల్పుగా ఉండే ఈ నాజిల్‌ని స్వీడన్ ఇంజినీర్ గుస్తాఫ్ డి లావాల్ 1880ల చివర్లో ఆవిరి టర్బైన్ కోసం తయారు చేశాడు. రామగుండం ఎన్టీపీసీలో బొగ్గు కాల్చి, ఆవిరితో తిప్పి కరెంటు తీసే యంత్రాల వంశం అదే. ఆవిరి కోసం పుట్టిన ఆ ఆకారమే ఈరోజు ప్రతి పెద్ద రాకెట్ ఇంజిన్ కింద గంటలా కనిపిస్తుంది, ప్రతి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ లోపలా ఉంటుంది.

ఇక్కడ కొన్ని లెక్కలు చూడండి. మ్యాక్ 2 కావాలంటే నాజిల్ చివరి వైశాల్యం నడుము కంటే సుమారు 1.7 రెట్లుండాలి. మ్యాక్ 3కి 4.2 రెట్లు. మ్యాక్ 5కి 25 రెట్లు. అంటే ఒక సూపర్‌సోనిక్ టన్నెల్‌లో స్పీడ్ మార్చాలంటే నాబ్ తిప్పితే సరిపోదు. నాజిల్ ఆకారాన్నే మార్చాలి. కొన్నిచోట్ల వేరే నాజిల్ బిగిస్తారు, కొన్నిచోట్ల స్టీలు గోడల్ని జాక్‌లతో వంచుతారు. ఆ ఒంపులో చిన్న తేడా వచ్చినా లోపల అక్కర్లేని షాక్‌లు పుట్టి టెస్ట్ పాడవుతుంది.

పంక్చర్ షాపు ఫార్ములా

మామూలు స్పీడ్ విండ్ టన్నెల్‌లో పెద్ద ఫ్యాన్ ఉంటుంది. సింగరేణి భూగర్భ గనుల్లోకి గాలి ఆడించే ఫ్యాన్‌ని ఊహించుకోండి, ఆ టైపే. సూపర్‌సోనిక్‌కి వచ్చేసరికి అంత గాలిని ఆగకుండా తోయాలంటే కరెంటు బిల్లు భరించలేం. అందుకే చాలా టన్నెళ్లు పంక్చర్ షాపు ఫార్ములా వాడతాయి. కంప్రెసర్ నెమ్మదిగా పెద్ద ట్యాంకుల్లో గాలి నింపుతుంది. ట్యాంకులు నిండాక వాల్వ్ ఒక్కసారి తెరుస్తారు. గాలి నాజిల్ గుండా దూసుకెళ్లి, మోడల్‌ని దాటుకుని బయటికి పోతుంది. దీన్నే బ్లోడౌన్ టన్నెల్ అంటారు. నింపడానికి చాలా టైమ్, ఖాళీ అవడానికి సెకన్లు. ఆ సెకన్లలోనే డేటా మొత్తం పట్టుకోవాలి.

మ్యాక్ ఎక్కువైతే ట్యాంకు ప్రెషర్ ఒక్కటే చాలదు. మ్యాక్ 3 దగ్గర ట్యాంకు వైపు ప్రెషర్, మోడల్ దగ్గరి ప్రెషర్ కంటే దాదాపు 37 రెట్లు. మ్యాక్ 5కి 500 రెట్లు దాటుతుంది. అందుకే హైదరాబాద్ టన్నెల్ లాంటి వాటిలో ఒక పక్క తోస్తూనే, అవతలి పక్క వాక్యూమ్‌తో లాగుతారు. మొదట్లో స్పెక్స్‌లో చెప్పిన ప్రెషర్, వాక్యూమ్ కథ ఇదే.

ఇంకో తలనొప్పి చలి. నాజిల్‌లో గాలి స్పీడ్ పెరిగేకొద్దీ తన వేడినే ఖర్చు పెట్టుకుంటుంది. 30 డిగ్రీల గాలితో మొదలుపెడితే మ్యాక్ 2 దగ్గర అది మైనస్ 105కి, మ్యాక్ 3 దగ్గర మైనస్ 165కి పడిపోతుంది. మ్యాక్ 5 దగ్గర లెక్క మైనస్ 220 దాటుతుంది. అక్కడికి రాకముందే గాలే ద్రవమవడం మొదలుపెడుతుంది! అందుకే హైపర్‌సోనిక్ టన్నెళ్లలో గాలిని ముందే బాగా వేడి చేసి వదలాలి. ఆదిలాబాద్ చలికి స్వెటర్ చాలు గానీ, ఈ చలికి హీటర్ కావాలి.

దాంతోపాటు తేమ. ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకి పత్తి తీసుకెళ్లిన ఇంట్లో పుట్టినవాళ్లకి తేమ విలువ చెప్పక్కర్లేదు. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే సీసీఐ తీసుకోదు. తేమ మిషన్ మీద అంకె చూసి రైతు గుండె కొట్టుకుంటుంది. టన్నెల్‌లోనూ అంతే కచ్చితంగా చూస్తారు. గాలిలో కొంచెం తేమ ఉన్నా నాజిల్ చలికి అది మంచు పొగలా మారి, గాలి వేగాన్నీ ప్రెషర్‌నీ మార్చేస్తుంది. రీడింగులన్నీ తప్పు. అందుకే ట్యాంకుల్లోకి పోయేముందే గాలిని ఆరబెడతారు. దానికి వాడే పదార్థాల్లో ఒకటి మీకు బాగా తెలుసు. కొత్త ఫోన్, కొత్త షూస్ డబ్బాలో చిన్న తెల్ల ప్యాకెట్ వస్తుంది కదా, "తినకూడదు" అని రాసి ఉంటుంది. ఆ సిలికా జెల్ లాంటివే, కాకపోతే ప్యాకెట్ల బదులు పెద్ద పెద్ద గొట్టాల నిండా.

కనిపించని గాలిని ఫొటో తీయడం

మోడల్ చిన్నగా ఉంటుంది. టన్నెల్ దారిలో కొద్ది భాగాన్నే అడ్డుకోవాలి, లేకపోతే ఇరుకు గల్లీలో లారీ ఇరుక్కున్నట్టు గాలి జామ్ అయిపోతుంది. ఆ మోడల్ వెనక నుంచి ఒక ఉక్కు కడ్డీ పట్టుకుని ఉంటుంది. కడ్డీకీ మోడల్‌కీ మధ్య బ్యాలెన్స్ అనే పరికరం. పేరు చూసి కంగారు పడొద్దు. మార్కెట్ యార్డులో పత్తి బండిని తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఉంది కదా, దాని కింద లోడ్ సెల్స్ ఉంటాయి. బరువు పడితే లోహం కంటికి కనిపించనంత వంగుతుంది, దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్ ఆ వంపుని కరెంటు సిగ్నల్‌గా మారుస్తుంది. టన్నెల్ బ్యాలెన్స్ కూడా అదే సూత్రం. కాకపోతే కాంటా కిందికి పడే బరువొక్కటే చూస్తుంది, ఇది పైకి, పక్కకి, వెనక్కి తోసే బలాల్ని, మూడు దిక్కులా తిప్పే మెలికల్ని, మొత్తం ఆరింటిని ఒకేసారి తూస్తుంది.

మోడల్ ఒంటి మీద సన్నటి రంధ్రాలుంటాయి, వాటి వెనక ప్రెషర్ సెన్సర్లు. రంధ్రం పెట్టలేని చోట స్పెషల్ పెయింట్ పూస్తారు. ఒక రకం కాంతి పడితే అది వెలుగుతుంది, ఆక్సిజన్ ఎక్కువ తాకిన చోట ఆ వెలుగు తగ్గుతుంది. ప్రెషర్ ఎక్కువున్న చోట ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి అక్కడ మసకగా, తక్కువున్న చోట మెరుపుగా కనిపిస్తుంది. కెమెరాతో ఫొటో తీస్తే రెక్క మొత్తం మీద ప్రెషర్ మ్యాప్ రెడీ.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది ష్లీరెన్ ఫొటోగ్రఫీ. ఎండాకాలం మంచిర్యాల రోడ్డు మీద దూరంగా గాలి కదులుతున్నట్టు కనిపిస్తుంది కదా. వేడి గాలి పల్చగా ఉండి వెలుగుని కొంచెం వంచుతుంది. షాక్ దగ్గర సాంద్రత ఒక్కసారిగా మారుతుంది కాబట్టి అక్కడా వెలుగు వంగుతుంది. అద్దాలు, ఒక సన్నటి వెలుగు, ఒక బ్లేడు అంచు వాడి ఆ వంపుని నలుపు తెలుపు గీతలుగా మారుస్తారు. మోడల్ ముక్కు నుంచి బాణంలా వెనక్కి పోయే గీతలు క్లియర్‌గా కనిపిస్తాయి. ఇంకో మజా ఏంటంటే, ఫొటోలో కోణం కొలిస్తే స్పీడ్ తెలిసిపోతుంది. సన్నటి సూది లాంటి ముక్కు నుంచి వచ్చే బలహీనమైన గీత, గాలి పోయే దిశతో 30 డిగ్రీల కోణం చేస్తే అది మ్యాక్ 2. కోణం ఎంత సన్నగా ఉంటే స్పీడ్ అంత ఎక్కువ.

బెంగళూరు నుంచి హైదరాబాద్ దాకా

మన దేశంలో తొలి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌ని 1950లలో బెంగళూరు ఐఐఎస్‌సీలో సతీష్ ధావన్ కట్టించారు. తర్వాత ఇస్రో ఛైర్మన్ అయిన ఆయన పేరే ఇప్పుడు శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఉంది. 1967లో బెంగళూరులోనే నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్‌లో 1.2 మీటర్ల ట్రైసోనిక్ టన్నెల్ పని మొదలుపెట్టింది. ట్రైసోనిక్ అంటే శబ్దానికి లోపు, శబ్దం దగ్గర, శబ్దం పైన, మూడు రకాలూ అన్నమాట. మ్యాక్ 0.2 నుంచి మ్యాక్ 4 దాకా. పంక్చర్ షాపు ఫార్ములాతోనే నడుస్తుంది. మన రాకెట్లు, మిసైళ్లు, తేజస్ లాంటి విమానాల మోడళ్లు అందులో గాలి తిన్నవే. 2017లో తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్‌లో ఇస్రో 1 మీటర్ హైపర్‌సోనిక్ టన్నెల్, దాని పక్కనే షాక్ టన్నెల్ ప్రారంభించింది. ఆ కాంప్లెక్స్‌కి కూడా సతీష్ ధావన్ పేరే పెట్టారు.

షాక్ టన్నెల్ అంటే ఇంకో లెవెల్. ఒక పల్చటి లోహపు తెర వెనక విపరీతమైన ప్రెషర్ పెట్టి, తెరని పగలగొడతారు. పుట్టిన షాక్ అవతలి గ్యాస్‌ని వేల డిగ్రీలకి వేడి చేసి నాజిల్ గుండా తోస్తుంది. టెస్ట్ టైమ్ మిల్లీసెకన్లు. మీ ఫోన్‌లో 960 ఎఫ్‌పీఎస్ స్లో-మో ఉంటే ఒక్కో ఫ్రేమ్ దాదాపు ఒక మిల్లీసెకను. అంటే కొన్ని టెస్టులు మీ స్లో-మోలో నాలుగైదు ఫ్రేములతో అయిపోతాయి!

ఇదే సూత్రాన్ని ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ కేపీజే రెడ్డి చేత్తో నడిచే బుల్లి ట్యూబ్‌గా మార్చారు. పిస్టన్‌ని చేత్తో తోస్తే గాలి నొక్కుకుని, పల్చటి తెర చిరిగి, నిజమైన షాక్ వేవ్ పుడుతుంది. ప్రపంచవ్యాప్తంగా దాన్ని 'రెడ్డి ట్యూబ్' అంటారు. కోట్ల ఖర్చు లేకుండా కాలేజీ ల్యాబులో షాక్ వేవ్ చూపించొచ్చని నిరూపించిన గాడ్జెట్ అది.

ఇక హైదరాబాద్. 2020 సెప్టెంబర్ 7న ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి డీఆర్‌డీఓ హెచ్‌ఎస్‌టీడీవీ అనే వాహనాన్ని ఎగరేసింది. 30 కిలోమీటర్ల ఎత్తులో స్క్రామ్‌జెట్ ఇంజిన్ వెలిగి, 20 సెకన్లకి పైగా పనిచేసి, మ్యాక్ 6 దగ్గర, అంటే సెకనుకి సుమారు 2 కిలోమీటర్ల స్పీడ్‌లో తీసుకెళ్లింది. ఆ స్పీడ్‌లో కరీంనగర్ నుంచి హైదరాబాద్ 80 సెకన్లు. ఆదిలాబాద్ నుంచైతే రెండున్నర నిమిషాలు.

స్క్రామ్‌జెట్ అంటే తిరిగే భాగాల్లేని ఇంజిన్. ముందు నుంచి వచ్చే గాలినే నొక్కి, అందులో ఇంధనం కలిపి మండిస్తుంది. చిక్కేంటంటే లోపల గాలి సూపర్‌సోనిక్ స్పీడ్‌లో పోతూనే ఉంటుంది. తుఫానులో అగ్గిపుల్ల వెలిగించి ఆరకుండా పట్టుకోవడం లాంటిదని దీన్ని చెప్తుంటారు. దాన్ని నేల మీద టెస్ట్ చేయడానికి ఇంకో పద్ధతి ఉంది. మొత్తం వాహనాన్ని గాలిలో నిలబెట్టకుండా, వేడి గాలిని పైపు ద్వారా నేరుగా ఇంజిన్ దహన గదిలోకి పంపుతారు. డీఆర్‌డీఎల్ 2025 జనవరిలో 120 సెకన్లు, అదే ఏడాది ఏప్రిల్ 25న హైదరాబాద్‌లోని స్క్రామ్‌జెట్ కనెక్ట్ టెస్ట్ ఫెసిలిటీలో 1,000 సెకన్లకి పైగా ఇలాంటి టెస్ట్ చేసింది. రెండోది పదహారు నిమిషాలకి ఎక్కువే. 20 సెకన్ల నుంచి 1,000 సెకన్లు అంటే మంట వెలగడం ఒక ఎత్తు, ఆ వేడికి ఇంజిన్ గోడలు కరగకుండా ఇంధనంతోనే చల్లబరచడం ఇంకో ఎత్తు.

ప్రైవేటులో కూడా హైదరాబాద్ పేరుంది. పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా పెట్టిన స్కైరూట్ సంస్థ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ ఎగరేసింది. దేశంలో తొలి ప్రైవేట్ రాకెట్. 545 కిలోల ఆ రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లింది, మధ్యలో మ్యాక్ 5 స్పీడ్ అందుకుంది.

కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకు?

ఈ ప్రశ్న నన్ను అడిగింది మా చిన్నమ్మ కొడుకు. మంచిర్యాల దిక్కు పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఫైనల్ ఇయర్. "అన్నా, గివన్నీ కంప్యూటర్ల చేస్తున్నరు గదా. ఏఐ కూడ వచ్చింది. ఇగ లేత్ మిషన్ నేర్సుకొని నేనేం జెయ్యాలె?" అన్నడు. జోక్‌గా అడగలేదు. వాళ్ల నాన్న సింగరేణిలో రిటైర్ అవుతున్నడు, చెల్లె ఇంటర్‌లో ఉంది. కోర్సు మార్చాలా వద్దా అన్నది వాళ్లింట్లో నిజంగా నడుస్తున్న చర్చ.

నేను వాడికి చెప్పింది మీకూ చెప్తా. కంప్యూటర్ సిమ్యులేషన్లు చాలా పని చేస్తాయి. వందల డిజైన్లలోంచి పనికిరాని వాటిని అవే తీసేస్తాయి. కానీ గాలి నున్నగా పోతూ పోతూ ఏ పాయింట్ దగ్గర సుడులు తిరగడం మొదలుపెడుతుంది, షాక్ తగిలినప్పుడు రెక్క మీది గాలి పొర ఎక్కడ ఊడిపోతుంది అన్నవి కంప్యూటర్ పూర్తిగా లెక్కకట్టలేదు. సుడుల కోసం అందాజా సూత్రాలు వాడుతుంది. ఆ సూత్రాలు కరెక్టేనా అని చూడటానికి మళ్లీ టన్నెల్ డేటానే కావాలి. మ్యాక్ 0.8 నుంచి 1.2 మధ్య అయితే ఇంకా కష్టం, ఒకే రెక్క మీద కొంతచోట సూపర్‌సోనిక్, కొంతచోట కాదు. గగన్‌యాన్‌లో కూర్చునే మనిషి ఆ దశ దాటుకునే పైకి పోవాలి. యాంటుటు స్కోర్ చూసి ఫోన్ కొనేసి, వేడెక్కాక బాధపడినోళ్లని మనం చూశాం. సిమ్యులేషన్ ఆ స్కోర్ లాంటిది, టన్నెల్ మన అరగంట గేమింగ్ టెస్ట్, ఎగరేయడం రోజువారీ వాడకం. మూడూ కావాలి.

టన్నెల్‌కీ పరిమితులున్నాయి. మోడల్ చిన్నది కాబట్టి గాలి దాని మీద ప్రవర్తించే తీరు పెద్ద వాహనం మీద ఉన్నట్టే ఉండదు, లెక్కలతో సరిచేయాలి. కడ్డీ కూడా వెనక గాలిని కొంచెం కదిలిస్తుంది. స్పీడ్, వేడి, ప్రెషర్, టైమ్ అన్నీ నిజమైన ప్రయాణంలో ఉన్నట్టే ఒక్క టన్నెల్‌లో దొరకవు. అందుకే ఒకే వాహనాన్ని రెండు మూడు రకాల టన్నెళ్లలో పెడతారు.

ఇప్పుడు లేత్ సంగతి. ఆ మోడల్‌ని ఎవరో ఒకరు ఉక్కుతో చెక్కాలి. ముక్కు వంపులో వెంట్రుక మందం తేడా వచ్చినా షాక్ జాగా మారుతుంది. స్ట్రెయిన్ గేజ్‌ని ఎవరో ఒకరు చేత్తో అతికించాలి. వాల్వులు, సీల్స్, వాక్యూమ్ పంపులు నడిపించాలి. ఇవి చేసేవాళ్లలో పీహెచ్‌డీలు మాత్రమే ఉండరు, ఐటీఐ టర్నర్లు, మెషినిస్టులు, డిప్లొమా వాళ్లు ఉంటారు. డీఆర్‌డీఓ ల్యాబులు ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ చదివినవాళ్లని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. టెక్నీషియన్ పోస్టులకి సెప్టామ్ పరీక్షలుంటాయి. బాసర ట్రిపుల్ ఐటీలో, నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో మెకానికల్ చదివేవాళ్లకీ ఈ దారి తెరిచే ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. కానీ "మనలాంటోళ్లకి అక్కడ పని లేదు" అన్నది మాత్రం నిజం కాదు. వాడు కోర్సు మార్చలేదు. ఇప్పుడు సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకుంటున్నడు.

మీ ఫోన్‌తో గాలిని చూడండి

2019లో నాసా రెండు సూపర్‌సోనిక్ విమానాల షాక్ వేవ్‌లు కలుసుకుంటున్న ఫొటోలు బయటపెట్టింది. ఆకాశంలో, పైనుంచి ఇంకో విమానం తీసిన ఫొటోలవి. కింద ఎడారి నేలనే బ్యాక్‌గ్రౌండ్‌గా వాడారు. షాక్ గుండా చూసినప్పుడు నేల మీది గుర్తులు ఎంత జరిగినట్టు కనిపించాయో కంప్యూటర్‌తో లెక్కేశారు. ఈ పద్ధతి చిన్న సైజులో మనమూ చేయొచ్చు. నేను పాత ఫోన్‌తో చేశా.

చిన్న చిన్న నల్ల చుక్కలు ఇష్టమొచ్చినట్టు చల్లిన డిజైన్ ఒకటి జిరాక్స్ సెంటర్‌లో పెద్ద పేపర్ మీద ప్రింట్ తీయించి గోడకి అతికించండి. దానికి ఒక మీటర్ ముందు కొవ్వొత్తి. ఇంకో రెండు మీటర్ల వెనక ట్రైపాడ్ మీద ఫోన్. ప్రో మోడ్‌లో ఫోకస్ చుక్కల మీద లాక్ చేయండి, ఐఎస్ఓ, షట్టర్ మార్చొద్దు, హెచ్‌డీఆర్ ఆపేయండి. టెలిఫొటో లెన్స్ ఉంటే అది వాడండి. టైమర్ పెట్టి, ఫోన్ ముట్టుకోకుండా, వెలిగించకముందు ఒక ఫొటో, వెలిగించాక ఇంకో ఫొటో. రెండింటినీ ఫొటో ఎడిటింగ్ యాప్‌లో ఒకదానిపై ఒకటి వేసి 'డిఫరెన్స్' బ్లెండ్ మోడ్ ఎంచుకోండి. మారని చుక్కలు నల్లగా పోతాయి. మంటకి పైన, మామూలుగా ఏమీ కనిపించని చోట, వేడి గాలి తోక తెల్లగా బయటపడుతుంది. ఫ్యాన్ ఆఫ్ చేయడం, కర్టెన్లకి దూరంగా ఉండటం మర్చిపోవద్దు.

చివరగా, ఇకముందు న్యూస్‌లో, రీల్స్‌లో "మ్యాక్ 6 సక్సెస్" అని కనిపిస్తే షేర్ కొట్టేముందు మూడు ప్రశ్నలు వేయండి. ఒకటి, అది టన్నెల్‌లో మోడలా, నేల మీద ఇంజినా, ఆకాశంలో ఎగిరిందా? రెండు, ఎంతసేపు? మిల్లీసెకన్లా, 20 సెకన్లా, 1,000 సెకన్లా? మూడు, పూర్తి సైజా, చిన్న సైజా? 2025లో వెయ్యి సెకన్లు నడిచింది చిన్న సైజు దహన గది, 2020లో 20 సెకన్లు నడిచింది ఆకాశంలో. రెండూ గొప్పే, కానీ రెండూ ఒకటి కాదు. ఫోన్ బాక్స్ మీద "120 వాట్స్" అని చూడగానే ఛార్జర్ బాక్స్‌లో ఇస్తున్నారా, ఆ స్పీడ్ ఎన్ని నిమిషాలు నిలుస్తుంది అని అడగడం మనకి అలవాటే. అదే అలవాటుని ఆకాశం దాకా తీసుకెళ్తే చాలు.